టైరు మార్చబడింది

పాల్మాకుల మలుపు దగ్గర సక్కుబాయి చాయ్ హోటల్లో రేచల్ పుస్తకం తెరిచి "వేర్డెన్, వేర్డెన్" అని వల్లె వేస్తోంది. ఆమె నర్సు. జర్మనీలో ఉద్యోగానికి సోమవారం భాషా పరీక్ష ఉంది. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపే గోవర్ధన్ చెవిన ఆ మాట పడింది.

"వేర్డెనా? గది నాకొక జర్మనాయన నేర్పిండు చెల్లె. పోయిన వారం మెహిదీపట్నంల ఎక్కించుకున్న. దారిల గా ఒక్క మాట నేర్సుకున్న, గంతే. దానెంబడి ఇంకో పని మాట వెడితే 'చేస్త' అని, ఒక్కటే ఉంటే 'అయిత' అని, చేసినోని పేరు చెప్పకుంట 'చేయబడుత' అన్నా గదే. అవునా?"

"అవును" అంది రేచల్.

"ఆరాంఘర్ కాడ జామ్. ఆయన ఒకటే పరేషాన్. నేను అద్దం దించి 'వియర్ వేర్డెన్ అన్‌కొమెన్' అన్న, చేరుకుంటం అని. లారీలన్ని పక్కకు జరిగినయ్. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? సాతంరాయి కాడ టైరు పేలింది. నేను దిగలే. సీట్ల కూసోనే 'డేర్ రైఫెన్ విర్ట్ గెవెక్సెల్ట్' అన్న, టైరు మార్చబడుతున్నది అని. డిక్కీ తెరుసుకున్నది, స్టెప్నీ దొర్లుకుంట వచ్చింది, నట్లు వాటంతట అవే గిర్రున తిరిగినయ్."

"ఎవరు ముట్టకుంటనే?" అన్నాడు పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న ముసలి కుర్మయ్య.

"ముట్టుడెందుకు తాతా, చేసేటోడు అక్కర్లేదని భాషల్నే ఉండె గద! మేం పోయేసరికి విమానం లేచి మహేశ్వరం దాక పోయింది. 'పిలవబడుతున్నది' అన్న. రివర్స్ గేరుల ఎనకకు వచ్చింది. పైలట్ భయపడి దిగి ఉరికిండు. 'ఇష్ వేర్డె పిలోట్' అన్న, పైలట్ అయిత అని. టోపీ వచ్చి నా నెత్తి మీద కూసున్నది. ఇగ ఆయనను ఫ్రాంక్‌ఫర్ట్‌ల దించి వచ్చిన. గప్పటికి గీ అక్క పొయ్యి మీద పాలు గూడ పొంగలే."

"అయ్యుంటది, గా దినం పాలే రాలే" అంది సక్కుబాయి.

రేచల్ తల ఎత్తింది. "అన్నా, చేసినోళ్ల పేరు గూడ చెప్పొచ్చు. 'ఫొన్' పెట్టాలె."

"ఎవరికి ఫోనమ్మా?" అన్నాడు కుర్మయ్య.

"ఫోన్ గాదు తాతా, ఫొన్. మన 'చేత' అన్నట్టు." పుస్తకంలో రాసి నిదానంగా చదివింది. "డేర్ రైఫెన్ వుర్డె ఫొన్ ప్రేమ్ రాజ్ గెవెక్సెల్ట్. ప్రేమ్ రాజ్ చేత టైరు మార్చబడింది. ప్రేమ్ రాజ్ మా డాడీ. సాతంరాయి దిక్కు పోతుంటే ఎండల తన బండాపి మార్చింది ఆయనే. చేతులకు బొబ్బలొచ్చినయ్. జర్మన్ సార్ నట్లు పట్టుకొని నిలబడ్డడంట, నువ్వు ఏసీల కూసున్నవంట."

గోవర్ధన్ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఆ 'ఫొన్' సంగతి నాకు చెప్పనే లేదు చెల్లె ఆ జర్మనాయన" అన్నాడు.