కొట్టు అన్నదెవరు?

సకల జనుల సమ్మె రోజులు. మాదాపూర్‌లోని ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో ఆంధ్రా నుంచి వచ్చిన యజమాని, పోలీసులకు ఎవరో పెట్టిన అర్జీ కాపీని మేనేజర్ ముందు విసిరాడు.

"మన వీధిలో ఎనిమిది దాటాక మందు అమ్మకూడదట! సాయంత్రమే విచారణ. ఇది ఒప్పుకుంటే నేను మూసుకోవాల్సిందే. నువ్వేగా రాయించింది?"

"నేనా? ఎందుకు సార్?"

"కింద 'జై తెలంగాణ' అని ఉంది. రోజూ ధర్నాకి వెళ్లేది నువ్వేగా."

"ధర్నాకు పోతే బార్ మూయిస్తనా? నా కొలువు గూడ పోతది గద! జర ఇటియ్యుండ్రి... 'మా వీధిలోని మద్యం కొట్లు'. ఇది మావోళ్లు రాసింది కాదు సార్."

"ఎలా చెప్తావ్?"

"మేం దుకాణం అంటం. కొట్టు అంటే మాకు దెబ్బలు కొట్టుడే. ఇది మీ దిక్కోళ్ల మాట."

"మావాళ్లు నా మీదెందుకు రాస్తారయ్యా?"

"ఇక్కడ ఎనిమిదికే మూస్తే తాగెటోళ్లు ఏడికి పోతరు?"

"పక్కనే. కొండాపూర్‌కి."

"ఆడ బార్ నడిపే మీ దిక్కాయన ఎవరు సార్?"

యజమాని అర్జీని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్కడే ఉన్నాడు. నీ మీద కన్నేసి ఉంచమని పొద్దున నాకు ఫోన్ చేసినవాడే. మా బావమరిది భాస్కరం."