రెండోసారి నడిపితే

ఆఫీసు వెనక గదిలో పక్కపక్క బల్లలు. వెబ్ పేజీల టెంప్లేట్లలో అడ్డదిడ్డంగా ఉన్న లైన్లను వరసలో పెట్టే టూల్ ఒకటి మరిది రాశాడు. వదిన పొద్దున్నుంచీ దాన్ని పరీక్షిస్తోంది.

“మళ్ళీ జరిగింది.”

“ఏది?”

“ఏదంటావేంటి? లిస్టు మూసే ట్యాగు. తెరిచే ట్యాగుకి సరిగ్గా కిందకే రావాల్సింది, రెండు ఖాళీలు కుడికి జరిగి కూర్చుంది.”

“మొదటిసారేనా?”

“మొదటిసారి ముత్యాల్లా ఉన్నాయి. అదే ఫైలు మీద రెండోసారి నడిపితే రెండు ఖాళీలు, మూడోసారికి నాలుగు. ఇలాగే పోతే సాయంత్రానికి గోడ దూకి పక్కింటికెళ్తుంది.”

“సరే, ఇప్పుడు మార్చాను. నడుపు వదినా.”

“లిస్టు బాగుంది. దాని కిందిదంతా ఎడమ అంచుకి అతుక్కుపోయింది.”

“ఎన్నో లైను నుంచి?”

“నీ ముందూ అదే ఫైలుంది కదయ్యా.”

“చెప్పు వదినా. ఎన్నో లైను?”

“నలభై ఒకటి నుంచి యాభై దాకా.”

“ముందు ఖాళీలెన్ని?”

“సున్నా! ఒక్కటంటే ఒక్కటి లేదు. పొద్దున్నుంచీ నేను చదవడం, నువ్వు వినడం. అక్షరాలు అరచేయంత చేసి పెట్టుకున్నావు, తెర మీద నాలుగు లైన్లే పడుతున్నాయి. అలాగైతే వరస ఏం తెలుస్తుంది నీకు?”

“నువ్వు చెప్తే తొందరగా అవుతుంది.”

“తొందరా! ఎనిమిదేళ్ళు చేత్తోనే సర్దావు, ఎవరూ వంక పెట్టలేదు. ఇప్పుడెందుకీ పంతం? మీ అన్నయ్య కూడా అడుగుతున్నారు, రెండు వారాలు దీనికే పోశాడేంటని.”

“ఏం చెప్పావు?”

“నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఇక ఆపేద్దాం. నా వల్ల కాదు. చేత్తోనే చేసుకో.”

“ఆపొద్దు. మళ్ళీ మార్చాను, ఇంకొక్కసారి.”

“ఇంకొక్కసారి, ఇంకొక్కసారి! అదే మాట పదకొండోసారి వింటున్నా. సరే, నడిపాను.”

“ఊఁ?”

“ఉండు. రెండోసారి... కదల్లేదు. మూడోసారి... ఊహూఁ, కదల్లేదు! నలభై ఒకటి దాని చోట్లోనే ఉంది. పట్టేశావయ్యా!”

“నిజంగానా? అన్నీ వరసలో ఉన్నాయా?”

“నన్నడుగుతావేంటి? ఇటు తిరిగి నువ్వే చూసుకోరాదూ!”

“చూడగలిగితే ఇదెందుకు రాస్తాను వదినా? చూపు మధ్యలో అంతా మసక. ఇక తగ్గదని డాక్టరు చెప్పి నెలైంది.”