నీళ్లలో అతికిన పులి బిళ్ళ

"నేనేమన్నాననీ? సేనాపతి ఫాన్ లియే గారి గుర్రానికి ఒకసారి నీళ్లు పెట్టానన్నాను, అంతేగా! దానికే నోళ్లు తెరిస్తే ఎలారా? అసలు కథ ఇంకా గుమ్మం కూడా దాటలేదు."

చాంగ్ వదిన కల్లుకొట్లో చాప మీద బాసింపట్టు వేసుకుని మావ్ చూ బాబాయి మొదలుపెట్టాడు. బయట వాన, పొలం పనుల్లేవు. వినేది నేనూ, కుండలు చేసే దూ. వదిన కొర్రకల్లు ముంచిపోస్తూ ఒక చెవి ఇటే పడేసింది. జాడీ పక్కన ఎవరో పరాయి ఊరాయన గంజి తాగుతున్నాడు, ధాన్యం వర్తకుడు కాబోలు అనుకున్నాను. వదిన భర్త పోయి చాలా ఏళ్లైంది, బాబాయికి పెళ్లాం లేదు. ఆయన కోతలన్నీ ఎవరి చెవి కోసమో మా వీధి కుక్కలకి కూడా తెలుసు.

"ఆ గుర్రం అలాంటిలాంటిది కాదు. దాని పేరు చెబితే శత్రువుల వేయ్ రాజ్యంలో చంటిపిల్లలు పాలు తాగడం మానేసేవాళ్లు. ఎవణ్ణీ దగ్గరికి రానిచ్చేది కాదు, నన్ను చూసి మాత్రం తలొంచింది. సేనాపతి గారు గుడారంలోంచి అది చూశారు. ఆయనేమన్నా పెద్దింటి బిడ్డా? గొర్రెలు కాసేవాడి కొడుకు. శత్రువుల తలలు తెచ్చి ఒక్కో మెట్టూ ఎక్కినవాడు, అందుకని మనలాంటి వాళ్లంటే ప్రాణం. లోపలికి పిలిచి, తన గిన్నెలో గంజి సగం నాకు పోసి, 'మావ్ చూ, రాజుగారు అధికారపు గొడ్డలి చేతికిచ్చి సేనాపతివన్నారు గానీ, యుద్ధం ఎక్కణ్ణించి మొదలెట్టాలో నాకు అంతు చిక్కట్లేదురా' అన్నారు."

"నీతోనా?" దూ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

"మరి గుర్రంతోనా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ కనుమ దాటాలి, చప్పుడు కాకూడదు. ప్రతివాడి నోట్లో అడ్డంగా పుల్ల పెట్టి తాడుతో మెడ వెనక కట్టేశారు. లక్షలమంది సైన్యం కదరా, పుల్లల కోసం ఒక అడవి అడవే బోడి అయిపోయింది. ఒక్క నాకే పుల్ల లేదు. కట్టబోతే సేనాపతి గారు పరుగెత్తుకొచ్చి అడ్డుపడ్డారు. 'ఆ నోరు కట్టేస్తే మన చిన్ రాజ్యం ఏమైపోవాలి?' అన్నారు."

"ఆయన పుణ్యాన మేం ఇప్పటికీ వింటున్నాం" అంది వదిన.

ఆమె మాట్లాడిందంటే బాబాయికి ఎక్కడలేని ఊపూ వస్తుంది. గిన్నె ఖాళీ చేసి మోకాళ్ల మీద లేచాడు.

"అసలుది ఇప్పుడు వినండి. పులి బిళ్ళ ఎప్పుడైనా చూశారా? మీ మొహాలకి ఎక్కడ చూస్తారులే. కంచుతో చేసిన పులి, ముక్కు నుంచి తోక దాకా నిలువునా రెండు చెక్కలు. ఒక చెక్క రాజుగారి దగ్గర, ఒకటి సేనాపతి దగ్గర. రాజుగారి చెక్క వచ్చి మన చెక్కకి అతికితేనే సైన్యం అడుగు వెయ్యాలి. మా చెక్క ఎంతుండేదనుకున్నారు? ఆంబోతంత! ఎనిమిది మంది దుంగల మీద మోసుకుంటూ తిరిగేవాళ్లు."

"అమ్మో!" అన్నాన్నేను. నిజంగానే నోరెళ్లబెట్టాను, ఎందుకంటే నేనెప్పుడూ చూడలేదు.

"ఎదురుగా వేయ్ సైన్యం చీమల బారులా వచ్చేస్తోంది. ఇటేమో వాన, ఏరు పొంగి రాజుగారి చెక్క తెచ్చేవాడు అవతలి ఒడ్డున ఇరుక్కుపోయాడు. సేనాపతి గారు చలిజ్వరంతో మంచం మీద వణికిపోతున్నారు. నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు."

"ఏడ్చాడా! ఫాన్ లియే!" దూ గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"ఒక్క ఏడుపా! మంచం కింద మడుగు కట్టింది. నేను బయటికొచ్చి, ఎనిమిది మంది మోసే ఆ చెక్కని ఒక్కణ్ణే భుజానికెత్తాను. వానకి నిండిన గుంట ఒకటి ఉంటే, కోసిన వైపు నీళ్లకి ఆనించి పట్టుకున్నా. కింద నీడ పడింది. పైన సగం, కింద సగం, మీసాలతో సహా అతుక్కుపోయాయి! 'చూశారుగా, పులి నిండింది, కదలండ్రా!' అని డోలు మీద ఒక్కటేశా. ఆ దెబ్బకి వేయ్ వాళ్ల కోటగోడ ఉలిక్కిపడి పక్కకి జరిగి దారిచ్చింది. వాళ్ల సేనాపతి వచ్చి నా కాళ్ల మీద పడితే, పాపం, నేనే లేవదీసి గంజి పోశాను."

"రాజుగారి బిళ్ళ రాకుండానే సైన్యాన్ని కదిపావన్నమాట?"

"రాకుండానే! నేనొక్కణ్ణే! మావ్ చూ అంటే ఎవరనుకున్నావు?" అని రొమ్ము చరుచుకున్నాడు బాబాయి. అప్పుడు గాని తెలియలేదు, అడిగింది మాలో ఎవరం కాదని.

పరాయి ఊరాయన లేచి నిలబడ్డాడు. నడుముకి చిన్న కత్తి వేలాడుతోంది. రాత చెక్కల మీద తప్పులు గీకే కత్తి అది, జిల్లా కచేరీ వాళ్లకి తప్ప ఇంకెవరికీ ఉండదు. 

"రాజుగారి చెక్క అతక్కుండా యాభై మందికి మించి కదిపితే తల తీస్తారు" అన్నాడాయన మెల్లగా. "నువ్వు లక్షలమందిని కదిపానంటున్నావు. ఇతని అయిదిళ్ల కట్టులో ఇంకా ఎవరెవరున్నారు?"

మేమే ఉన్నాం. నేనూ, దూ, వదిన, అవతలి వీధి మలుపులో చెప్పులు కుట్టే ముసలాయనా. కట్టులో ఒకడు తప్పు చేసినట్టు తెలిసీ కచేరీకి చెప్పకపోతే మిగతా నాలుగిళ్లకీ నరకమే. విన్నాం కదా మరి, నోళ్లు తెరుచుకుని మరీ విన్నాం! దూ చేతిలో గిన్నె జారి పగిలింది. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. 

వదినే ముందు తేరుకుంది.

"అయ్యా, తెలియక అడుగుతాను. ఆ బిళ్ళ ఎంతుంటుంది?"

ఆయన ఏదో అనబోయి ఆగాడు. తన అరచెయ్యి చాపి చూసుకుని, పిడికిలి మూశాడు. "ఇందులో పడుతుంది."

"మరి ఎనిమిది మంది మోసిన ఆంబోతు?" అంది వదిన.  "ఈయన పులి బిళ్ళ కాదు కదా, దాని సంచి కూడా చూడలేదయ్యా. అడగండి, ఆ యుద్ధంలో ఏం పని చేశాడో ఆయన నోటితోనే చెప్పించండి."

"చెప్పు" అన్నాడు కచేరీ ఆయన.

బాబాయి వదిన వైపు చూశాడు. ఆమె ముందు ఆ మాట అనడం కంటే తల ఇచ్చుకోవడమే నయమనుకున్నాడేమో, చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. "బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా, మా తలలున్నాయి" అన్నాను.

"గాడిదలు" అన్నాడు చివరికి, చాప వైపు చూస్తూ. "సామాన్ల బళ్ల దగ్గర గాడిదలకి దాణా వేసేవాణ్ణి. సేనాపతి గారిని చూడలేదు. ఒకసారి దూరంగా ఆయన గొడుగు కనిపించింది. అంతే."

"గుర్రానికి నీళ్లు?"

"గాడిదకి."

కచేరీ ఆయన నవ్వలేదు. గంజి గిన్నె దించి, గొంగడి కప్పుకుని, "నీ కథలో ఒక్క ముక్క నిజమున్నా ఈపాటికి నిన్ను కట్టేసి తీసుకుపోయేవాణ్ణి" అని వానలోకి దిగిపోయాడు.

 దూ పగిలిన పెంకులు ఏరుతూ వెక్కుతున్నాడు. వదిన వచ్చి బాబాయి పక్కన కూలబడింది, చెయ్యి ఆయన భుజం మీద పడింది, తీయలేదు. ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టుంది. మెల్లగా తలెత్తాడు.

"అయితే ఆ గొడుగుందే," అన్నాడు, "అది ఎంతుండేదో తెలుసా..."

వదిన పొయ్యి పక్కనుంచి ఒక పుల్ల తీసి ఆయన పళ్ల మధ్య అడ్డంగా పెట్టింది.

"కరిచిపట్టుకో" అంది. "సేనాపతి గారు మర్చిపోయారు."