చాటెడు తవుడు

నాంపల్లి స్టేషను వెనక ఒకే వాకిలి పంచుకున్న రెండిళ్లు, పోలీసు యాక్షన్ జరిగి ఐదేళ్లయిన సంవత్సరం, ఆదివారం మధ్యాహ్నం. బ్యాంకు గుమాస్తా భార్య నర్మద అరుగు మీద బియ్యం ఏరుతోంది. పొద్దుటినుంచీ ఆ బియ్యమే ఏరుతోంది, రాయన్నది ఒక్కటీ దొరకలేదు. ఎదురింటి గడపలో హమాలీ సాయన్న పెళ్లాం కిష్టవ్వ ఊరికి పోవడానికి మూటలు కడుతోంది. నడుమ నులకమంచం మీద, మొన్ననే ఐదేళ్లు నిండిన పెంటయ్య బస్సు నడుపుతున్నాడు.

“అఫ్జల్‌గంజ్! అఫ్జల్‌గంజ్! ఆవో, ఆవో! అవ్వా, ఎక్కవా?”

“నాకు మూట కట్టుడున్నదిరా పెంటిగా. ముందుగాల మీ నర్మదక్కను ఎక్కించుకో.”

“అక్కా, ఎక్కు. బస్సు పోతది మల్ల.”

“పోనీ.”

“పోనీ అంటె ఎట్ల? ఎవ్వలెక్కకుంటె బస్సు ఖాలీ పోతది. డ్రైవర్ సాబ్ కోపం జేస్తడు.”

“డ్రైవర్ ఎవరు?”

“నేనే. కండక్టర్ గూడ నేనే. రా, బియ్యం గూడ తెచ్చుకో. జర జరుగు, గీడ నిలవడద్దు, లోపలికి పో, లోపలికి! టికెట్?”

“ఇయ్యి.”

“ఏడికి?”

“నీ ఇష్టం.”

“గట్లనద్దు. ఏడికో చెప్పాలె. ఆబిడ్సా, గన్‌ఫౌండ్రీనా?”

“ఆబిడ్స్.”

“ఆబిడ్స్‌ల ఏం పనున్నది?”

“ఏం లేదు.”

“పని లేకుంటె ఎందుకు పోతవ్? బట్టల దుకాణమని చెప్పు.”

“బట్టల దుకాణం.”

“టిక్! ఇగో టికెట్. కింద పారెయ్యకు, చెకింగ్ సాబ్ వస్తడు. అక్కా, దగ్గుతున్నవా?”

“లేదు. బియ్యం దుమ్ము.”

“నీళ్లు తాగు.”

“తాగుత తియ్యి. బస్సు నడుపు.”

“నీతోని పిల్లలెంత మంది? ఒళ్లె కూసునేటోళ్లకు టికెట్ లేదు. నడిచేటోళ్లకు సగం.”

“ముందు బస్సు నడుపు.”

“అక్కా, నిన్నే. పిల్లలెంత మంది?”

“పిల్లల్లేరు.”

“లేరా?”

“లేరు. నేనొక్కదాన్నే.”

“ఓ నర్మదమ్మా! ఏం మాటలమ్మా అవి? పిల్లగానితోని గట్లంటవా?”

“ఆటకన్న కిష్టవ్వా.”

“ఆటకు గూడ అనద్దు. వానికన్ని తెలుస్తయి. పెంటిగా, పో బిడ్డా, గా యాపచెట్టు కింద ఇంకిన్ని టికెట్లు ఏరుకరా. ఈ బస్సు నిండ మంది ఎక్కాలె.”

“పచ్చయా, పండువడ్డయా?”

“రెండు దీస్కరా. ఉరుకకు, బోర్ల వడ్తవ్.”

“పోయిండా?”

“పోయిండు. ఇగ చెప్పు నర్మదమ్మా. తవుడు దెచ్చినవా, లేదా?”

“తెచ్చిన. వంటింట్ల చాటల పోసి పెట్టిన. పొద్దున్నే పెట్టిన.”

“మరి తీస్కరావేందే? మా ఇంటాయన, మా పిల్లలు టేషన్ల జాగ పట్టుకొని కూసున్నరు. బండి వచ్చే యాళ్లయింది. నా కొడుకును నాకియ్యి కిష్టవ్వా అని నువ్వు ఒక్క మాట అనాలె, నా కొంగుల తవుడు పొయ్యాలె. నేను పిల్లగాన్ని నీ ఒళ్లె పెడ్త. అయిపాయె. ఎంతసేపు పని?”

“ఔ. ఎంతసేపు పని.”

“మరి?”

“ఈ బియ్యం కానీ.”

“ఆ బియ్యంల రాళ్లు లెవ్వు. పొద్దటిసంది చూస్తనే ఉన్న.”

“నువ్వు పోకుంటె గాదా?”

“ఎట్లయితదమ్మా? మా మామ పాయె. ఎవుసం చూసేటోళ్లు లేక భూమి పడావు పడ్డది. గప్పుడంటె రజాకార్ల గడబిడకు పాణాలు అరచేత పట్టుకొని వస్తిమి. ఎన్నొద్దులని ఈయన మంది మూటలు మోస్తడు? బతుకమ్మ నాటికి మా ఊర్ల మేముండాలె.”

“పెంటయ్యను గూడ తీస్కపో.”

“ఏందీ?”

“తీస్కపో కిష్టవ్వా. నీ చేతుల బతికిండు. నీ తోనె ఉండనీ.”

“నీకేమన్న పిచ్చి లేసిందా? ఎవలన్న నిజంగ అమ్ముతరా పిల్లల్ని? ముగ్గుర్ని కన్న, ఒక్కలు పోలె, నా చెయ్యి చల్లగుంటదని మీ అత్తమ్మ నన్ను వెతికి పట్టుకున్నది. పుట్టిన నాడే వాన్ని చాటల పండవెట్టి పెంటకుప్ప మీద వెడితె, నేను చాటెడు తవుడిచ్చి కొన్నట్టు చేసి ఎత్తుకున్న. ఆ పెంట పేరే పెట్టిన్రు. సావు కండ్లు గప్పనీకె ఆడిన ఆట అది. ఆట అయిపోయింది.”

“ఐదేండ్లు నిండేదాంక ఎత్తుకోవద్దన్నది అత్తమ్మ. ముద్దు పెట్టుకోవద్దన్నది. కొడుకా అనద్దన్నది, వాని నోట అమ్మా అనిపించుకోవద్దన్నది. నా దిష్టి తగిలితె పోతడన్నది. అన్ని చేసిన.”

“చేసినవు. బతికిండు గద.”

“బతికిండు.”

“ఐదేండ్లు ఎల్లినయి. ఇగ దేనికి భయం?”

“భయం గాదు. భయమున్నా మంచిగుండేది. ఏం లేదు.”

“ఏం లేకపోవుడేంది?”

“లోపల ఏం లేదు. సౌభాగ్య పోయిన నాడు... నీకు తెల్వదు, నువ్వప్పటికి రాలె. రెండేండ్ల పిల్ల. లోపల అందరు ఏడుస్తున్నరు. పొయ్యి మీద పాలు పొంగినయి. నేను లేచి పోయి, గుడ్డ పెట్టి పొయ్యి తుడిచిన. మంచిగ తుడిచిన, మరక లేకుంట. వచ్చి పిల్ల పక్కన కూసున్న. ఏడుపు రాలె.”

“అయ్యో తల్లీ.”

“అంతకుముందు పిల్లగాడు పోయిన నాడు ఏడ్చిన. పేరు గూడ పెట్టని పిల్లగాడు, వానికి ఏడ్చిన. దీనికి రాలె. అప్పటిసంది దేనికీ రాలె. ఆయన జీతం పెరిగిందన్నడు, ఔనా అన్న. వీడు పుట్టిండన్నరు, ఔనా అన్న. ఎత్తుకోవద్దన్నరు, సరె అన్న. కష్టమనిపియ్యలె కిష్టవ్వా. కష్టమనిపిస్తెనె గద తల్లి.”

“మరి వానకాలం వానికి జొరమొచ్చి పండుకుంటె నా గడప ముంగట నిలవడ్డదెవరు? లోపలికి రాకపాయె, మీ ఇంటికి పోకపాయె. వానల తడుసుకుంట కట్టెతీరుగ నిలవడితివి.”

“చూసినవా?”

“నాకు కండ్లు లెవ్వా?”

“ఎందుకు నిలవడ్డనో నాకే తెల్వదు. కాళ్లు పోలె, గంతే.”

“గంతేనంట. సరె, నీకెట్లున్నా ఉండనీ. పిల్లగానికి తల్లి గావాలె. రేపటి నుంచి వానికి బువ్వ పెట్టేది నువ్వే, పండవెట్టేది నువ్వే. మీ సారు ఏమంటుండు?”

“ఏమనలె. సంచి పట్టుకొని బజారుకు పోయిండు. ఇంట్ల నిలవలేకపోయిండు. అత్తమ్మ ఖైరతాబాదుల బిడ్డ ఇంటికాడ ఉన్నది.”

“మంచిగున్నది. అందరు తప్పించుకున్నరు. అగో, వస్తుండు, కండ్లు తుడుచుకో.”

“తుడుచుకోనీకె ఏమున్నది? ఎండిపోయినయే గద.”

“అవ్వా! టికెట్లు మస్తు దొరికినయ్! పచ్చయి పిల్లలకు, పండుటాకులు ముసలోళ్లకు. ఈ మూటలెవలయి? మూటలకు గూడ టికెట్ పడ్తది!”

“నాయే సాబ్, గరీబుదాన్ని, ఇడిసిపెట్టు.”

“సరె, ఒక్క మూట మాఫ్. అక్కా, ఎండ నీ మీదికి వచ్చింది, జరుగు. జొరమొస్తది.”

“జరిగిన.”

“పెంటిగా, ఇటు రా. నా ఒళ్లె కూసో.”

“డ్యూటీల ఉన్న.”

“డ్యూటీ ఆగుతది, రా. చెప్పేది ఇను. ఇయ్యాల నేను ఊరికి పోతున్న గద.”

“నేను గూడ వస్త.”

“నువ్వు రావు బిడ్డా.”

“వస్త. నా అంగీ మూటల పెట్టినవా?”

“పెట్టలె.”

“ఎర్రదో? ఎర్రది పెట్టినవా?”

“ఏదీ పెట్టలె. నీ అంగీలు నర్మదమ్మ ఇంట్ల ఉంటయి. నువ్వు గూడ గాన్నే ఉంటవ్. సూడు బిడ్డా, నేను నిన్ను సాకిన, గంతే. కనలె. నిన్ను కన్నది...”

“నాకెర్కే.”

“ఏమెర్క?”

“నర్మదక్క కన్నది.”

“ఎవలు చెప్పిన్రురా?”

“బస్సుకు టైమయింది! చలో, చలో!”

“పెంటిగా, నిన్నే అడుగుతున్న. ఎవలు చెప్పిన్రు?”

“అందరికెర్కే. సోడాబండి మొగులయ్యకు గూడ ఎర్కే. అవ్వా, నువ్వు కిటికీ కాడ కూసుంటవా?”

“నర్మదమ్మా, విన్నవా?”

“విన్న.”

“ఇగ దేనికి ఆగుతున్నవ్? లే, పోయి చాట తీస్కరా.”

“అక్కా, దిగుతున్నవా? ఆబిడ్స్ రాలె ఇంక.”

“ఇప్పుడే వస్త.”

“సరె. నీ జాగ నేను పట్టుకుంట. ఎవ్వల్ని కూసోనియ్య.”

“తెచ్చినవా? ఇగో, కొంగు పట్టిన. పొయ్యి. అనుకుంట పొయ్యి.”

“నా...”

“ఆఁ.”

“నా... కిష్టవ్వా, తవుడు కింద పోతున్నది.”

“పోతె పోనీ. కోళ్లు తింటయి. నువ్వు మాట అను.”

“నా కొడుకును నాకియ్యి కిష్టవ్వా.”

“ఇంకొక్కపారి. వానికి వినవడేటట్టు.”

“నా కొడుకును నాకియ్యి.”

“తీస్కో తల్లీ. నీ కడుపు చల్లగుండ. వాడు నూరేండ్లు బతకాలె. ఏందట్ల చూస్తున్నవ్?”

“ఏమన్న అయితదేమో అనుకున్న. ఏం కాలె. అన్న గని, ఏమనిపిస్తలేదు.”

“మెల్లెగ అనిపిస్తది. ఎండిన బాయిల నీళ్లు ఒక్కపారె ఊరుతయా? పెంటిగా! ఇగ నువ్వు పెంటిగానివి గావు, ఇంద్రసేనవు. మీ నాయిన ఎప్పటిసందో మనసుల పెట్టుకున్న పేరు.”

“అది నా పేరా?”

“నీ పేరే. బడిల గూడ గదే రాపిస్తరు.”

“మరి పెంటయ్య ఎవలు?”

“పెంటయ్య పోయిండు. కాదు, తూ, నా నోట్ల మన్నువడ! పెంటయ్యనే ఇంద్రసేన. పో, మీ అమ్మ కాడికి పో. అమ్మా అని పిలువు.”

“డ్యూటీల ఉన్న.”

“పిలువు బిడ్డా.”

“అక్కా.”

“అక్క గాదు. అమ్మ.”

“అన.”

“ఒక్కపారి అనరా. నేనిని పోత.”

“అన.”

“నా బంగారుకొండవు గాదా? నీకు ఊరి నుంచి మక్కకంకులు పంపిస్త.”

“మక్కకంకులు వద్దు. అనంటె అన!”

“బలిమి చెయ్యకు కిష్టవ్వా. ఎందుకంటడు? ఒక్కపారన్న ఎత్తుకున్ననా, ఒక్క బువ్వముద్ద నోట్లె పెట్టిననా? వాకిట్ల నా కండ్ల ముంగట పెరుగుతుంటె పక్కింటి పిల్లగాన్ని చూసినట్టు చూసిన. వానికి నేనెవరు? అక్కా అంటుండు. అది చాలు.”

“అగో, మంచం కిందికి దూరిండు! రారా బయటికి!”

“రాను. బస్సు ఖరాబయింది. రిపేర్ చేస్తున్న.”

“నువ్వు పో కిష్టవ్వా. సాయన్న చూస్తుంటడు. బండి పోతది.”

“వీన్ని గిట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె? చెప్పు.”

“నేను చూస్త.”

“ఏం చూస్తవ్?”

“ఏమో. చూస్త. మూట ఎత్తుకో నువ్వు. ఓ కండక్టరూ, నేను గూడ కిందికి రావచ్చునా?”

“నీకు రిపేర్ వస్తదా?”

“రాదు. నువ్వు నేర్పియ్యి.”

“రా. తలకాయ పైలం, పట్టె తగుల్తది. ఇంక జర లోపలికి. కాళ్లు ముడుచుకో.”

“ముడుచుకున్న. ఏం ఖరాబయింది?”

“ఇంజను.”

“నా మీద కోపమొచ్చిందా?”

“లేదు.”

“ఏడుస్తున్నవా?”

“లేదు. అవ్వ పోయిందా?”

“లేదు, వాకిట్లనే ఉన్నది. కాళ్లు కనిపిస్తున్నయి, సూడు. నువ్వు ఒక్క మాట అంటె మనసు చల్లవడి పోతది. ఆమె కోసమన్న అనరాదా?”

“అనరాదు. పెద్దవ్వ అనద్దన్నది.”

“మా అత్తమ్మనా? అది చిన్నప్పటి మాట బిడ్డా. ఇప్పుడు ఐదేండ్లు నిండినయి. ఇప్పుడనచ్చు.”

“నాకు చెవుల చెప్పింది. అమ్మా అంటె పాణం పోతదన్నది.”

“పోదు. తవుడు పోసిన, నిన్ను మల్ల తీస్కున్న. చూసినవ్ గద? ఇగ నీ పాణానికి ఏం గాదు. నేనున్న. ఏం గాదు.”

“నా పాణం గాదు.”

“మరి?”

“నీది. గందుకె నేను ఒక్కపారి గూడ అనలె.”