హేమలత మేడమ్ పట్టిన చెయ్యి

సభకు అధ్యక్షత వహిస్తున్న జిల్లా కబడ్డీ పెద్దలు హనుమంతప్ప గారికి, ఈరోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మా ఫిజియోథెరపిస్టు హేమలత మేడమ్‌కు, వారి భర్త జయరాం సార్‌కు, మా కోచ్ ఆంజినప్ప సార్‌కు, ఆసుపత్రి సిబ్బందికి, వెనకాల నిలబడి ఈలలు వేస్తాండే మా జట్టు పిల్లలకు నమస్కారం. నా పేరు ఈశ్వరి, మాది రాప్తాడు పక్కన పల్లె. కూతకు పోతే ఆగని గొంతు ఈ మైకు ముందర ఆగిపోతాండాది, కొంచెం ఓర్చుకోండి. (నవ్వులు)

పోయినేడాది పుట్టపర్తి పోటీల్లో కూతకు పోయి, తిరిగి నడిగీత అందుకోబోతాంటే ఒకమ్మాయి నా కుడిచెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఆ యమ్మి తప్పేం లేదు, ఆటంటే అదే. భుజం గూడు తప్పింది. సర్ది కట్టు కట్టినారు, మళ్లీ జారింది. ఆఖరికి దుప్పటి కప్పుకోబోయినా జారేది. బెంగళూరులో స్కానింగ్ తీసి, కీలును జారకుండా పట్టుకునే అంచు చిరిగిందని, దాన్ని లాబ్రమ్ అంటారని చెప్పి, ఆపరేషన్ చేసి కుట్టినారు. గొర్రెలు మేపుకునే మా నాయన తిప్పన్న డాక్టర్‌ను ఒకటే అడిగినాడు: "సామీ, నా బిడ్డ మళ్లా ఆడతాదా?" ఆయన, "కుట్టేది నా పని, ఆడించేది ఫిజియో పని" అన్నాడు.

అట్ల నేను మేడమ్ చేతిలో పడినాను. అప్పటికి మా అమ్మే నాకు జడ వేసి, అన్నం కలిపి పెడతాండేది. మేడమ్ మొదట చెప్పిన పని, వేళ్లతో గోడ మీద పైకి పాకడం. పక్కనే రామక్క అని ఒకవ్వ అదే పని చేస్తా, "ఏం పాపా, కబడ్డీ పిల్లవంట, నాకంటే కిందనే ఆగిపోతివే?" అనేది. (నవ్వులు) నవ్వొద్దండీ, ఆ పొద్దు బాత్రూంలోకి పోయి ఏడ్చినాను.

నెలలు గడిచినాయి, చేతికి బలం వచ్చింది. ఆంజినప్ప సార్ సెలెక్షన్లకు పంపమని అడిగితే మేడమ్ ఒప్పుకోలేదు. "చెయ్యి సిద్ధం సార్, పిల్ల సిద్ధం కాలేదు" అన్నారు. నిజమే. కుడిపక్క ఎవరన్నా దగ్గరికొస్తే చాలు, చెయ్యి కడుపుకు అదుముకునేదాన్ని. అది ఆమె ఒక్కరే కనిపెట్టినారు.

మరుసటి రోజు మేడమ్ గ్రౌండుకొచ్చి, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకొని నిలబడినారు. "రా, కూతకు రా. నేను నిన్ను పట్టుకుంటా."

"వద్దు మేడమ్, మీరు పడిపోతారు."

"పడితే చూసేటోళ్లు ఆసుపత్రి నిండా ఉండారులే, రావే!"

మొదట్లో మెల్లగా పట్టుకునేవారు. తర్వాత గట్టిగా. తర్వాత చెప్పి లాగేవారు. ఒకరోజు చెప్పకుండానే లాగినారు. నేను కెవ్వున అరిచినాను. మేడమ్ వదల్లేదు.

"నొప్పా, భయమా?"

ఆలోచించి చెప్పినాను. "భయం మేడమ్."

"అయితే లాగు!"

లాగినాను. మేడమ్ బొక్కబోర్లా మట్టిలో పడినారు. (నవ్వులు, చప్పట్లు) జయరాం సార్, ఆ చీర పాడు చేసింది నేనే. పడినామె పడినట్టే నవ్వుతాంటే, పక్కన కూలబడి నేను ఏడుస్తాండా. ఆపరేషన్ అయినాక నొప్పికీ సిగ్గుకూ గాకుండా ఏడ్చింది అదే మొదలు.

పోయిన నెల ఇదే అనంతపురంలో మళ్లా ఆడినాను. ఇద్దరు కమ్ముకున్నారు, ఒకామె కుడిచెయ్యే పట్టింది. నాకు నడిగీత తప్ప ఏమీ కనపడలేదు, వాళ్లతో పాటే పడి గీత అందుకున్నాను. విజిల్ పడినాక భుజం తడిమి చూసుకున్నాను, ఉండాల్సిన చోటనే ఉండాది. అమ్మ ముఖానికి కొంగు కప్పుకొని కూర్చుంటే, "చూడే ఓబమ్మా, లేచింది!" అని నాయన అరుస్తాండాడు.

మేడమ్, ఈ మాట మీకు కూడా చెప్పలేదు. మరుసటి పొద్దున లేచేసరికి నేను కుడిపక్కకు తిరిగి పడుకోనుండాను. ఎప్పుడు తిరిగినానో నాకే తెలీదు. ఆ పక్క మీద భయం లేకుండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో! కదలబుద్ధి కాక అట్లనే పడుకున్నాను. అమ్మ వచ్చి తట్టబోతే, "ఉండమ్మా, ఇంకొంచేపు" అన్నాను.

పిలిచి మాట్లాడించిన పెద్దలకు, ఓపిగ్గా విన్న మీ అందరికీ దండాలు. మేడమ్, విశ్రాంతిగా ఉండండి, మీరు కూడా హాయిగా నిద్రపోండి. ఇంక నాకు సెలవిప్పించండి.