బోల్టు కింద రంగు

ఈ వీధుల్లో నన్ను బోర్డుల పెయింటర్ అంటారు. అలా అడిగితే ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు. వయసు యాభై నాలుగు. దుకాణాలకు బోర్డులు రాస్తాను, తలుపులకూ కిటికీలకూ రంగులు వేస్తాను. నన్నెవరూ పిలిపించలేదు. ఈ రోజు, శుక్రవారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. మంగళవారం లాండ్రీ ముందు జరిగిన ప్రమాదంలో తప్పు కారు ఎలక్ట్రీషియన్‌ది కాదు, నాది. ముందు ఈ ముక్క రాసుకోండి సార్, మిగతాది తర్వాత చెబుతాను.

మా కారు వయసు ఇరవై ఆరేళ్ళు. మా ఆవిడ ప్రసూతి వార్డులో నర్సు, డ్యూటీకి దాన్లోనే వెళుతుంది. రెండు నెలలుగా అది సతాయిస్తోంది. హారన్ కొడితే లైట్లు మసకబారేవి, సెల్ఫ్ కొడితే మూలిగేది. బ్యాటరీ మార్చాం. అయినా మూలుగు పోలేదు. అప్పుడు లాండ్రీకి నాలుగు షాపుల అవతలున్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అందరూ ఆయన్ని ఎర్తు మావయ్య అంటారు. ఏ బండి వచ్చినా బ్యాటరీ జోలికి పోకుండా ముందు ఎర్తు, అంటే కరెంటు తిరిగొచ్చే దారి, చూస్తాడు. నేను మావయ్యా అంటాను కాబట్టి ఆయన నన్ను అల్లుడూ అంటాడు. మాకు ఏ చుట్టరికమూ లేదు.

అది పోయిన వారం సోమవారం. ఉదయం తొమ్మిదిన్నర. నన్ను సెల్ఫ్ కొట్టమని, మీటరు వైరు కొన ఒకటి బ్యాటరీ మైనస్‌కీ, ఒకటి ఇంజనుకీ ఆనించాడు.

"ఇక్కడ సున్నా దగ్గర ఉండాలి అల్లుడూ. నీది ఒక వోల్టు దాటింది. బ్యాటరీ బంగారంలా ఉంది. వెళ్ళిన కరెంటు తిరిగొచ్చే దారే తుప్పు పట్టింది" అన్నాడు.

ఇంజను నుంచి బాడీకి వచ్చే జడలాంటి పట్టీ విప్పాడు. బాడీ మీద బోల్టు కూర్చునే చోట వైర్ బ్రష్‌తో, ఆ తర్వాత ఉప్పు కాగితంతో, ఇనుము తళతళలాడేదాకా రుద్దాడు. పాతదానికి తోడుగా వేలు లావు కేబుల్ ఇంకొకటి ఇంజను నుంచి బాడీకి వేశాడు. దాని బోల్టు చోటు కూడా అలాగే రుద్ది, రెండింటికీ పళ్ళ వాషర్లు పెట్టి బిగించి, పైన కాస్త గ్రీజు పూశాడు. మళ్ళీ మీటరు పెడితే ముల్లు కదిలీ కదలనట్టుంది. నాకు బాగా గుర్తుంది, వెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు.

"నీ చేతులు ఊరుకోవని నాకు తెలుసు. ఈ రెండు చోట్లా రంగు మాత్రం వెయ్యకు. మెరిసే ఇనుము మెరుస్తూనే ఉండాలి."

అలాగే అన్నాను. రెండుసార్లు అన్నాను.

నా రోగం ఏమిటంటే సార్, రంగు లేని ఇనుము కనబడితే నాకు అన్నం సహించదు. ఆదివారం బానెట్ ఎత్తి చూస్తే ఆ రెండు మచ్చలూ నన్నే చూస్తున్నట్టనిపించింది. తుప్పు పడుతుందేమో, మావయ్యకు కరెంటు తెలుసుగానీ రంగుల సంగతి ఏం తెలుసు అనుకున్నాను. బోల్టులు రెండూ విప్పాను. ప్రైమర్ ఒక కోటు, ఎనామిల్ రెండు కోట్లు వేశాను. బోల్టు మరలకు కూడా పూశాను. ఆరాక మళ్ళీ బిగించాను. చాలా నీటుగా వచ్చింది. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సోమవారం బండి కాస్త మొరాయించింది. నేను పట్టించుకోలేదు.

మంగళవారం ఉదయం ఏడూ నలభైకి మా ఆవిడ యూనిఫాంలు ఇవ్వడానికి లాండ్రీ ముందు ఆపింది. మళ్ళీ ఎక్కి సెల్ఫ్ కొడితే టక్కుమంది తప్ప తిరగలేదు. ఆరేడుసార్లు కొట్టిందట. నేను రంగు పూసి కరెంటు తిరిగొచ్చే దారులు రెండూ మూసేశాను కాబట్టి, అంత కరెంటూ ఇంజనుకీ పెడల్‌కీ మధ్య ఉండే సన్నటి యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి వెనక్కొచ్చింది. అది కాలి, పైతొడుగు కరిగి, కేబుల్ లోపలే అతుక్కుపోయింది. చివరికి బండి అందుకుంది. ఆవిడ గేరు వేసి యాక్సిలరేటర్ నొక్కింది, కాలు తీసింది, వేగం తగ్గలేదు. లాండ్రీ కౌంటరుకు గుద్దుకుని ఆగింది. లాండ్రీ ఆయన కాలి ఎముక చిట్లింది. ఆయన నన్ను క్షమించాలి.

బానెట్ కింద నుంచి పొగ. జనం దూరం జరిగారు. దూరం జరగకుండా పరిగెత్తుకొచ్చింది ఆ మావయ్య ఒక్కడే. ముందు మా ఆవిడను బయటికి లాగాడు. తర్వాత బానెట్ ఎత్తి, బ్యాటరీ మైనస్ పీకేశాడు. మండుతున్న కేబుల్ పెట్రోలు పైపు మీద పడబోతుంటే ఉత్త చేత్తో పట్టుకుని ఇవతలికి గుంజాడు. కుడి అరచెయ్యి. ఆయన పనంతా ఆ చేత్తోనే.

ఆ రోజు మీరు అడిగితే, వారం కిందట ఎలక్ట్రీషియన్ వైర్లు మార్చాడని మా ఆవిడ తనకు తెలిసిందే చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆయన కూడా "నా పనిలోనే లోపం ఉందేమో" అన్నాడు. మీరు ఆయన వర్క్‌షాప్‌కు తాళం వేశారు.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రికి వెళ్ళాను. మావయ్య చేతికి మోచేతిదాకా కట్టు.

"బోల్టు కింద రంగు చూశాను అల్లుడూ. అంత నున్నగా ఈ ఊళ్ళో ఇంకెవరు వేస్తారు?" అని నవ్వాడు.

"మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

"అమ్మాయి గడగడా వణికిపోతోంది. చావు తప్పించుకొచ్చిన మనిషికి ఆ పూటే మొగుడి నిర్వాకం చెప్పాలా? నువ్వూ చెప్పకు. నాదేముంది, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది."

సర్దుకోదు సార్. బండి తగలబెట్టాడని పేరు పడితే ముప్పై ఏళ్ళ పని మట్టిలో కలుస్తుంది. ఇంటికి రాగానే మా ఆవిడకు అంతా చెప్పాను. విన్నాక, "పొద్దున్నే వెళ్ళి చెప్పు. నేనూ వస్తాను" అంది. బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ మనిషి బతికి బెంచీ మీద కూర్చుందంటే అది మావయ్య పెట్టిన భిక్ష. నేను ఆయనకు చేయగలిగింది ఈ నాలుగు మాటలే. కారు మీ దగ్గరే ఉంది కదా, ఆ బోల్టులు విప్పి చూడండి. వర్క్‌షాప్ తాళం తీయించండి. కేసు నా మీద రాయండి.

నేను చెప్పింది రాసి చదివి వినిపించారు. ఒకచోట 'అజాగ్రత్త వల్ల' అని ఉంటే, 'చెప్పినా వినకపోవడం వల్ల' అని మార్చమన్నాను. మార్చారు. ఇందులో ఉన్నదంతా నిజం. చెప్పమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. చెప్పొద్దని బతిమాలినవాడు మాత్రం ఒకడున్నాడు, వార్డులో, కిటికీ పక్క మంచం మీద.

(సంతకం)
బోర్డుల పెయింటర్