ఈసారి కిటికీ గది నాదే

థాంక్స్ ఏంట్రా, థాంక్స్? ఎవరడిగారు నీ థాంక్స్?

ఆ పువ్వులు సింకులో పడెయ్, తర్వాత చూస్తా. "అక్కా, మా అందరికోసం కాటేజీ బుక్ చేశావంట, నువ్వు బంగారం" అంటూ గులాబీలు పట్టుకొచ్చేస్తే కరిగిపోతాననుకున్నావా, నెవిల్? మీ అందరికోసం అని ఎవరు చెప్పారు నీకు?

కాటేజీ ఆవిడ చెప్పిందా? మిసెస్ ఫెదర్‌స్టోనా? ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు చెప్పు. "ఆ వారం మిస్ గార్బట్ తీసేసుకున్నారు" అంది. అంతేగా? మిస్ గార్బట్, ఆవిడ తమ్ముడు, తమ్ముడి పెళ్ళాం, పిల్లలు, పిల్లల పిల్లలు, కుక్క... అనలేదుగా? మిస్ గార్బట్. అంటే నేను. బెరిల్ గార్బట్. నీ ఎదురుగా నించుని నీకు టీ కాస్తున్న మనిషి.

కూర్చో. కూర్చోమన్నానా! నించుని నాకు పాఠాలు చెప్పకు. నీకు బూటు లేసు కట్టడం నేర్పినదాన్ని.

దొంగతనంగానా? ఏం దొంగతనంరా? ప్రతి ఏడాదీ బయల్దేరే రోజు తాళం చేతికిస్తూ "వచ్చే ఏడాది కూడా ఇదే వారం మాకే" అని ఆవిడతో అనేవాడివి. పోయినసారి అనలేదు. మూతి ముడుచుకుని కారెక్కావు. జనవరిలో నేను ఫోన్ చేశా. ఆగస్టులో ఖాళీయేనా అన్నా. ఖాళీయే అంది. నాకు కావాలన్నా. అయిపోయింది.

మీరు ఎక్కడికైనా వెళ్ళండి. ఇంగ్లండంతా కాటేజీలే కదా. సముద్రం పక్కకి పోండి, పిల్లలు ఇసకలో ఆడుకుంటారు. నాకు మాత్రం రేవెన్‌గార్త్ కావాలి. ఆ ఒక్క వీధి, ఆ మూతపడ్డ ప్రార్థన మందిరం, ఇంటి వెనక గోడ దాటగానే మొదలయ్యే మూర్. మనిషన్నవాడు లేని బీడు కొండ, కనుచూపు మేరా.

ఇన్నేళ్ళూ వస్తూనే ఉన్నావు కదా అంటావా?

ఒరేయ్ తమ్ముడూ, నేను రావడమేంట్రా? నన్ను తీసుకెళ్ళారు. గిన్నెల పెట్టెతోపాటు.

నేనెక్కడ పడుకునేదాన్ని? చెప్పు చూద్దాం. బాయిలర్ గదిలో. మడతమంచం మీద. కాళ్ళు చాపితే చీపుర్లు తగిలేవి. తెల్లవారుతూనే ఆ బాయిలర్ ముసలాడు గొంతు సవరించుకున్నట్టు గురగురమనేది, లేచేదాన్ని. లేస్తే ఇంక పడుకోవడమేముంది, గుడ్లు, బేకన్, టోస్టులు. తొమ్మిదిమందికి. ఒకరికి గుడ్డు పచ్చసొన గట్టిగా ఉండాలి, ఒకరికి కారాలి. నీ అల్లుడికైతే అసలు గుడ్డే పడదు. అతనికి వేరే గంజి.

ముందు గదిలో పెద్ద కిటికీ ఉంది, తెలుసుగా నీకు, నీ గదే కదా. ఆ కిటికీలోంచి మూర్ అంతా కనిపిస్తుందని నాకెలా తెలుసనుకున్నావు? మీ దుప్పట్లు మార్చేటప్పుడు చూశాను. దిండు గలీబు చేత్తో పట్టుకుని అలా నించుండిపోయా ఓసారి. కొండంతా ఊదారంగు. హీథర్ పొదలు విరగబూశాయి. ఎండ కొంచెం పడి, మళ్ళీ మబ్బేసి, మళ్ళీ పడి. ఇంతలో కింద నుంచి "అక్కా, టీ ఎంతవరకూ వచ్చింది?" అని నువ్వు.

నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు.

ఆస్పత్రిలో టెలిఫోన్ బోర్డు ముందు నా వయసంతా పోయింది, అది నీకు తెలుసు. చెవికి ఆ తొడుగు తగిలించుకుని, ఒకటే మోత. "మా అమ్మ ఎలా ఉంది, డాక్టరెక్కడ, నన్ను ఎంతసేపు ఆగమంటారు..." ఆగండి, కలుపుతున్నా, ఆగండి. ఇంటికొస్తే అమ్మ. "బెరిల్! బెరిల్!" అని మంచంలోంచి. అమ్మ పోయాక మీరు. పిలుపు ఆగింది ఎప్పుడ్రా నాకు?

ఆగింది. ఒక్కసారి. చెప్తా.

ఆ బుధవారం. అదిగో, తల దించుకున్నావు. ఏడాదిగా నువ్వు ఎత్తని ముచ్చట. నేనూ ఎత్తలేదు. ఇవాళ ఎత్తుతున్నా, విను.

మూర్ పైన పాత రాతి శిలువ దాకా నడుద్దామన్నావు. దారి మొదట్లో రెండు కార్లూ ఆపారు. అందరూ చేతులూపుకుంటూ బయల్దేరారు, సాండ్‌విచ్‌ల సంచి మాత్రం నా భుజాన. కొండెక్కాక మీ అమ్మాయి ఫిలిపా చిన్నకూతురి టోపీ గాలికెగిరిపోయింది. ఏడుపు. ఫిలిపా నా వైపు చూసింది. "నేను తెస్తాలే" అన్నా. ఇంకెవరంటారు?

పొదల్లో పడి, ముళ్ళు గీరుకుని, టోపీ తీసి వెనక్కి తిరిగేసరికి సముద్రం వైపు నుంచి పొగమంచు వచ్చేసింది. అక్కడి మంచు సంగతి నీకు తెలుసుగా. మొహం మీద తడిదుప్పటి కప్పినట్టే. నా కాళ్ళు నాకు కనపడలేదు. మీ గొంతులు కాసేపు వినిపించాయి, "పదండి పదండి, దిగిపోదాం" అని. దిగిపోయారు.

మీ కారులో ఉందనుకుని వాళ్ళు, వాళ్ళ కారులో ఉందనుకుని నువ్వు. సరే. కంగారులో ఎవరికైనా జరుగుతుంది. దానికి నేనేం అనను.

కానీ నేను లేనని నీకెప్పుడు తెలిసిందిరా?

నేను చెప్తా. కాటేజీకి చేరి, తడి బూట్లు విప్పుకుని, ఆకలేసి, "సాండ్‌విచ్‌ల సంచేదీ?" అన్నావు.

అక్కేదీ అనలేదు నెవిల్. సంచేదీ అన్నావు.

ఎవరు చెప్పారా? అక్కడికే వస్తున్నా, తొందరపడకు. టీ తాగు, చల్లారిపోతోంది.

మొదట భయపడ్డా. అబద్ధమెందుకు. గట్టిగా అరిచా కూడా. నా అరుపు నాకే వినపడలేదు, మంచు మింగేసింది. ఇంక నడిస్తే ఏ బురదగుంటలోనో పడతానని ఒక బండకి వీపు ఆనించి కూర్చున్నా. కూర్చున్నాక... ఎలా చెప్పను నీకు? పక్కనే ఎక్కడో గొర్రె గడ్డి తెంపుతున్న చప్పుడు. టక్, టక్. అంతే. ఇంకేం లేదు. నన్ను ఎవరూ ఏమీ అడగట్లేదు. సంచి విప్పి ఒక సాండ్‌విచ్ తిన్నా. నీదే, ఆవాల ముద్ద దట్టంగా రాసింది. ఇంకోటి కూడా తిన్నా. నాకు ఇంత ఆకలి ఉంటుందని అప్పటిదాకా తెలియదురా. ఎప్పుడూ అందరికీ పెట్టి అంచులు తినేదాన్నిగా.

అప్పుడు వినిపించింది. "బెరిల్! బెరిల్!"

నువ్వనుకున్నావా? నువ్వు కాదు. నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని "మంచు విడిపోనీ, ఆవిడకి తెలివుంది, తనే వస్తుంది" అంటున్నావు. ఊళ్ళో ఒక్కరికి చెప్పావా? పక్కింటి తలుపు తట్టావా? ఇంటి ముందున్న కారు స్టార్ట్ చేశావా?

వచ్చింది లోర్నా. మీ ఆవిడ. నువ్వు పదిమందిలో "మా లోర్నా నీడకే జడుసుకుంటుంది" అని నవ్వే మీ ఆవిడ. కోటు లేదు. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. ఒకటి బురదలో ఊడిపోయింది కూడా. రాతిగోడ పట్టుకుని తడుముకుంటూ ఆ కొండంతా ఎక్కింది, నా పేరు అరుచుకుంటూ. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నా. తిట్టింది. "ఇక్కడ కూర్చుని సాండ్‌విచ్ తింటున్నావా, ముసలిదానా!" అంది. లోర్నా నోట్లోంచి ఆ మాట! ఇద్దరం ఒకర్నొకరం చూసుకుని పకపకా నవ్వాం.

ఆ గోడే పట్టుకుని దిగాం. దిగితే గొర్రెల రైతు ఇల్లు. ఆయన భార్య మమ్మల్ని చూసి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పొయ్యి పక్కన కుర్చీలు లాగింది, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళిచ్చింది, అల్లం కేకు ముక్కలు కోసి, మీద చీజ్ ముక్క పెట్టి చేతికిచ్చింది. టెలిఫోన్ గోడకే ఉంది. చేసుకోండమ్మా అంది.

లోర్నా ఆ టెలిఫోన్ వంక చూసింది. నా వంక చూసింది. "ఇంకాసేపు ఆగుదామా బెరిల్?" అంది.

అందుకే సాయంత్రమైంది, నాయనా. దారి తప్పి కాదు.

కోపమొచ్చిందా? రానీ. ఆ కాస్సేపట్లో నీ పెళ్ళాం నాతో మాట్లాడినన్ని మాటలు నీ పెళ్ళయినప్పటి నుంచీ మాట్లాడలేదు. నీ సంచి మాట చెప్పిందీ అప్పుడే. మాకు తీరికేది? నేను కడిగేదాన్ని, ఆవిడ తుడిచేది. పళ్ళేలు అందించుకోవడమే మా బంధుత్వం. ఆ రోజు తెలిసింది, ఆవిడకి పాటలు వచ్చట. ఆ రైతు భార్యతో కలిసి ఏదో పాత పాట ఎత్తుకుంది. గొంతు గరుకుగా ఉంది గానీ బాగుంది. నీకు తెలుసా ఆ సంగతి?

తెలియదు. నాకూ తెలియదులే అప్పటిదాకా.

నీ గురించి చెడ్డగా ఒక్క ముక్క అనలేదు. "నెవిల్ చెడ్డవాడు కాదు బెరిల్. చెడ్డవాడైతే ఎప్పుడో ఏదో ఒకటి చేసేదాన్ని" అంది. అనేసి కేకు తింది.

మేం ఇల్లు చేరేసరికి గడపలో నించుని నువ్వన్న మొదటి మాట గుర్తుందా? "హమ్మయ్య, వచ్చేశారా, పిల్లలు ఆకలికి నకనకలాడుతున్నారు." వండాను. పెట్టాను. మూతి ముడుచుకున్నది నువ్వే, సాయంత్రం పాడైందని. ఆ పళ్ళేలు కడుగుతున్నప్పుడే అనుకున్నా. మళ్ళీ ఈ ఇంటికి వస్తా. ఇలా మాత్రం రాను.

అదీ కథ. ఇంక ఏం చెప్పినా ఇవ్వను. పిల్లలు ఏడుస్తారా? ఏడవనీ, ఊరుకుంటారు. ఒక్కదాన్నే పడిపోతే ఎవరు చూస్తారా? నువ్వు చూశావుగా పోయినేడు! ఎలా వెళ్తానంటావా? పికరింగ్ దాకా బస్సు. అక్కడికి ఫెదర్‌స్టోన్ ఆవిడ తమ్ముడు వ్యాన్ పట్టుకొస్తాడు. తమ్ముళ్ళన్నాక అలా ఉండాలి.

ఏం చేస్తానంటావా వారమంతా? ఏమీ చెయ్యను. కిటికీ గదిలో పడుకుంటా. మెలకువ వచ్చినప్పుడు లేస్తా. రైతు వాకిట్లో గుడ్లు కొనుక్కుంటా, ఒకటి ఉడకబెట్టుకుంటా, పచ్చసొన ఎలా వస్తే అలా తింటా. ఏప్రన్ తీసుకెళ్ళట్లేదు, చూసుకో. వానొస్తే వాన చూస్తా. మంచొస్తే బయటికెళ్ళి కూర్చుంటా.

ఏంటీ? లోర్నా బాధపడుతుందా?

లోర్నా ఏడాదంతా ఆ వారం కోసమే ఎదురుచూస్తుందా? అది మాత్రం నిజమేరా. ఇవాళ నువ్వన్న మాటల్లో అదొక్కటే నిజం.

నెవిల్... ఆదివారం భోజనాలయ్యాక తనే చెప్తానంది నీకు. నువ్వు ఇవాళే ఊడిపడ్డావు, నేనేం చెయ్యను? ఇందాక వస్తూ నీ తడి కోటు హాల్లో దేని మీద పడేశావో చూసుకున్నావా? వెళ్ళి చూడు. ఆ నీలం పెట్టె ఎవరిది?

మొన్న గురువారం తెచ్చి పెట్టింది. కాటేజీలో నా పక్క గది లోర్నాది. ఇద్దరం వెళ్తున్నాం.

అరవకు. పక్కింటివాళ్ళు వింటారు... విననీలే, అరుచుకో.

నేను చెడగొట్టానా? నా ఒంటరి బతుక్కి తోడు కావాలని నీ కాపురం మీద పడ్డానా?

సగం నిజం. చెప్తా, విను. ఇందాకటి నుంచీ గుడ్డు ఉడకబెట్టుకుంటా, వాన చూస్తా అని గొప్పలు పోతున్నానా? జనవరిలో ఆ ఫోన్ పెట్టెయ్యగానే మళ్ళీ చేసి వద్దని చెప్పేద్దామనుకున్నా. వారం రోజులు ఒక్కదాన్నే బల్ల ముందు కూర్చుని తినడం! నన్ను పిలిచేవాళ్ళు లేకపోతే నేనెవర్నో నాకు తెలియదురా. అందుకని నేనే అడిగా. లోర్నా కుదరదంది. మళ్ళీ అడిగా. నెవిల్ ఏమంటాడో అంది. బతిమాలా. ఎవర్నీ ఎప్పుడూ ఏదీ అడగనిదాన్ని, మార్కెట్‌లో కూరగాయల ముందు నించుని ఆవిడ చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఈస్టర్ తర్వాత సరేనంది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

తెలిసిందిగా. తిట్టాలంటే నన్ను తిట్టు. ఆవిణ్ణి మాత్రం ఏమీ అడక్కు. వారం రోజులు ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడక్కూడదు. అదే మేం పెట్టుకున్న నియమం.

అలా దిగాలుగా కూర్చోకు. నువ్వూ చెడ్డవాడివి కావు, నాకూ తెలుసు. మీ వంటింట్లో మూకుడు అడుగు అలమారలో ఉంటుంది. మిగతాది నువ్వే కనుక్కో.